మినీ ట్రాక్టరు ట్రైలరు: కావలి షెడ్డు పనితనం

కావలి దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి పక్కనున్న షెడ్డులో మా 24 హెచ్‌పీ మినీ ట్రాక్టరును ఎక్కించి మా బండి వెనుక లాక్కెళ్ళడానికి రెండు ఇరుసుల ట్రైలరు చేయించుకున్నాము. మేస్త్రీ గారు ట్రాక్టరును రోటవేటరుతో సహా వేబ్రిడ్జి మీద తూయించి, ట్రైలరు సొంత బరువు కూడా కలిపి, ఆ మొత్తం మా బండి లాగగలిగే పరిమితిలోనే ఉందని నిర్ధారించుకున్న తరువాతే ఇనుము కోయించడం నాకెంతో నచ్చింది. ట్రైలరు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం దాన్ని బండికి తగిలించే కొక్కెం మీద పడకపోతే వేగంలో ట్రైలరు అటూ ఇటూ ఊగి బండిని కూడా తిప్పేస్తుంది కాబట్టి, బరువు సరిగ్గా పడేలా ట్రాక్టరు ముందు చక్రాలు ఆగవలసిన చోట అడ్డపట్టీ వెల్డింగు చేశారు. నాలుగు మూలలా ట్రాక్టరును కట్టేందుకు గొలుసు కడియాలు, ట్రైలరుకు విడిగా బ్రేకులు ఉన్నాయి. ర్యాంపు రేకు మాత్రం మరీ నున్నగా ఉంది. బురద టైర్లతో ఎక్కిస్తే జారుతుంది కనుక, గరుకు పట్టీలు అడిగి వేయించుకోవాలి.