పద్నాలుగేళ్లు, తొంభై ఒక్క తీగలు: నా సంతూర్ గురించి

సంతూర్ అంటే తీగలను పుల్లలతో కొట్టి వాయించే వాద్యం. 2011 దసరాకి వారం ముందు ఢిల్లీలో ఒక దుకాణంలో కొన్నాను దీన్ని. 42 వేలు. అందులో 30 వేలు అమ్మ చిట్టీ పాడి ఇచ్చింది, మిగతాది నేను పిల్లలకు కీబోర్డు చెప్పి కూడబెట్టుకున్నది. వాల్‌నట్ చెక్క పెట్టె, 31 బ్రిడ్జీలు (తీగలను మోసే చిన్న చెక్క దిమ్మెలు), 91 తీగలు, మూడు జతల కలాలు, శ్రుతి చేసే సుత్తి ఒకటి, పైన కప్పడానికి ఎర్ర మఖమల్ గుడ్డ. కలాలంటే రాసేవి కాదు, తీగల మీద కొట్టే సన్న పుల్లలు. వీటిని కూడా వాల్‌నట్‌తోనే చేస్తారు.

అప్పటి నుంచి ఇంటద్దె, మా అబ్బాయి స్కూలు ఫీజు దీని మీదే నడుస్తున్నాయి. నేను హైదరాబాద్‌లో పాఠాలు చెబుతాను, పిలిచిన చోటికి వెళ్లి వాయిస్తాను. "ఇది కొనవచ్చా? దీంతో బతకొచ్చా?" అని నెలకొకరైనా అడుగుతారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పీ చెప్పీ అలసిపోయి ఇది రాస్తున్నాను.

ముందు శ్రుతి సంగతి, ఎందుకంటే మిగతావన్నీ దాని తర్వాతే. నా సంతూర్‌లో 29 బ్రిడ్జీల మీద మూడేసి తీగలు, కింది మంద్రంలో రెండు బ్రిడ్జీల మీద రెండేసి. ఒక స్వరం పలకాలంటే ఆ మూడు తీగలూ ఒక్కటిగా మోగాలి. ఒకటి వెంట్రుకంత జారినా స్వరం వణుకుతుంది. వినేవాళ్లకు తప్పేంటో తెలియదు గానీ ఏదో బాగాలేదని తెలిసిపోతుంది. మొత్తం శ్రుతి చేయడానికి మొదట్లో నాకు రెండు గంటలు పట్టేది. ఇప్పుడు 45 నిమిషాలు. అంతకంటే తగ్గలేదు, ఇక తగ్గదు కూడా. ఇంట్లో ఒకసారి, హాల్లో ఇంకోసారి. అంటే రెండు గంటల కార్యక్రమానికి గంటన్నర శ్రుతి. డబ్బులిచ్చేది ఆ రెండు గంటలకే. మా ఆయన దీన్ని సుత్తి ఉద్యోగం అంటాడు. రెండర్థాల్లోనూ నిజమే.

వేడికి స్టీలు తీగ సాగుతుంది, స్వరం దిగుతుంది. ఏసీలో బిగుస్తుంది, స్వరం ఎక్కుతుంది. గాలిలో తేమ మారితే చెక్క ఉబ్బడం, కుంగడం వేరే. ఆ రెండూ ఒకేసారి జరిగే చోటు పెళ్లి హాలు. నాలుగేళ్ల కిందట ఒక రిసెప్షన్‌లో, సాయంత్రం ఐదింటికి వెళ్లి ఏసీ చల్లదనంలో కూర్చుని శ్రుతి చేసుకున్నాను. పక్క స్టేజీ మీద సన్నాయి మేళం వాళ్లు సరిచూసుకుంటున్నారు. చెవులతో చేసే పరిస్థితి లేదు. పెట్టెకు క్లిప్పు ట్యూనర్ తగిలించి, కంటితో చూస్తూ చేశాను. ఏడింటికి కరెంటు పోయింది. జనరేటర్ మీద లైట్లు వచ్చాయి గానీ ఏసీ రాలేదు. వీడియోవాళ్ల ఫ్లడ్‌లైట్లు సూటిగా తీగల మీద. ఇరవై నిమిషాలకు పై స్థాయి మొత్తం దిగింది. అన్నీ ఒకే కొలతలో దిగితే తబలా ఆయన్ని సర్దుకోమనేదాన్ని. సన్న తీగలు ఒకలా, లావు ఇత్తడి తీగలు ఇంకోలా దిగాయి. పై స్థాయిని వదిలేసి మధ్యలోనే తిప్పి తిప్పి గంటన్నర లాగించాను. ఈవెంట్ మేనేజర్ వచ్చి "మేడమ్, చాలా ప్రశాంతంగా ఉంది" అన్నాడు. ఒక పెద్దావిడ దగ్గరికొచ్చి పేరు అడిగింది. సంతూర్ అన్నాను. "సబ్బా?" అంది. ఈ ప్రశ్న రాని పెళ్లి ఇంతవరకు చూడలేదు.

దీన్ని శ్రుతి చేయడంలో రెండు దారులున్నాయి. కొనేవాళ్లకు దుకాణంలో ఈ తేడా ఎవరూ చెప్పరు. ఒకటి, వాయించబోయే రాగానికి సరిపడా చేసుకోవడం. యమన్, అంటే మన కల్యాణి, వాయించాలంటే ఆ స్వరాలే తీగల మీద ఉంటాయి. సంతూర్‌లో కొట్టిన తీగతో పాటు కొట్టని తీగలు కూడా లోపల్లోపల మోగుతాయి. అవన్నీ రాగంలోవే అయితే ఆ నాదం గుడి గంట మోగి ఆగాక మిగిలే మోతలా ఉంటుంది. నాకు ఈ వాద్యం మీద మోజు పుట్టింది అక్కడే. రెండోది, పన్నెండు స్వరస్థానాలూ వరుసగా పెట్టేసుకోవడం. ఏ పాట అడిగినా వాయించొచ్చు. కానీ రాగంలో లేని స్వరాలు కూడా అడక్కుండానే గుసగుసలాడుతుంటాయి, నాదం కాస్త మురికిగా ఉంటుంది.

సభలకు మొదటిది, పెళ్లిళ్లకు రెండోది. పెళ్లిలో కల్యాణి అయ్యీ అవగానే పెళ్లికొడుకు స్నేహితులు సినిమా పాట అడుగుతారు. రాగం శ్రుతిలో ఉంటే ఒక్క మధ్యమం మార్చాలన్నా మూడు స్థాయిల్లో మూడేసి, తొమ్మిది తీగలు తిప్పాలి. ఆ లోపు వాళ్లు భోజనాలకు వెళ్లిపోతారు. శనివారం సభ, ఆదివారం పెళ్లి పడితే శనివారం రాత్రి నాకు నిద్ర ఉండదు.

"ఇందులో గమకం ఏదీ?" అని నన్ను అడిగినవాళ్లలో ఎక్కువమంది కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లే. వాళ్లడగడంలో తప్పు లేదు. వీణలో తీగ లాగితే వచ్చే గమకం, అంటే స్వరాన్ని ఊపడం, ఇందులో రాదు. కలాన్ని తీగ మీద జార్చి, వణికించి, స్వరం నుంచి స్వరానికి పాకినట్టు భ్రమ కలిగించాలి. 1955లో ముంబైలో సంతూర్ విద్వాంసుడు శివకుమార్ శర్మ గారు తొలిసారి పెద్ద సభలో వాయించినప్పుడు శాస్త్రీయానికి ఇది పనికిరాదన్నవాళ్లు ఉన్నారు. అప్పటికి ఆయన వయసు పదిహేడు. అంతకుముందు ఇది కశ్మీర్‌లో సూఫియానా సంగీతంలో వాయించే వాద్యం. 25 బ్రిడ్జీల మీద నాలుగేసి చొప్పున నూరు తీగలు. శతతంత్రీ వీణ అనడం అందుకే. ఆయన బ్రిడ్జీలు పెంచి, తీగలు తగ్గించి, ముందు పెట్టుకునే పెట్టెను ఒళ్లోకి తెచ్చారు. ఒళ్లో ఉంటే అనవసరమైన మోత కొంత అణుగుతుంది. 2022 మే 10న ఆయన, జూన్ 2న మరో సంతూర్ విద్వాంసుడు భజన్ సోపోరీ గారు పోయారు. ఆ రోజుల్లో నా దగ్గర చేరడానికి వచ్చిన కొత్తవాళ్లు ఆరుగురు. ఇద్దరు నిలిచారు.

త్యాగరాజ కీర్తనలు ఇందులో వాయించమని అడుగుతారు. మధ్యమకాల కృతులు, గమకం తక్కువ ఉన్నవి బాగానే వస్తాయి. గమకాలతోనే నడిచే తోడి రాగం జోలికి మాత్రం పోను.

ఒళ్లో పెట్టుకోవడమని గొప్పగా రాశాను గానీ, నలభై దాటాక అది శిక్ష. అర్ధ పద్మాసనంలో గంట కూర్చుంటే కుడి కాలు నాది కాదన్నట్టు ఉంటుంది. మూడేళ్ల నుంచి తక్కువ ఎత్తు చెక్క స్టాండు వాడుతున్నాను. నాదం కొంచెం పెద్దదైంది, మోత కూడా పెరిగింది. కొందరు గురువులు ఒప్పుకోరు. వాళ్ల నడుములు వాళ్లవి.

ఇక పెట్టె ఎలా నిలిచిందో చెబుతాను. మొదటి రెండేళ్లు బంగారం. మూడో ఏడు విశాఖ వెళ్లొచ్చాక తీగలకు తుప్పు మొదలైంది. సముద్రపు గాలికి ఇది పట్టు చీరలాంటిది, బయటపెడితే పాడవుతుంది. అప్పటి నుంచి వాయించిన ప్రతిసారీ పొడి గుడ్డతో తుడవడం, ఎవరినీ వేళ్లతో తాకనివ్వకపోవడం. పెళ్లిళ్లలో పిల్లలు వచ్చి తాకుతారు, వాళ్లమ్మలు ఫొటో తీస్తారు, నేను నవ్వుతాను.

ఐదో ఏడు తీగలు చుట్టి బిగించే పిన్నుల రంధ్రాలు కొన్ని వదులై, బిగించిన తీగ తెల్లారేసరికి జారిపోయేది. గరుకు కాగితం చిన్న ముక్క మడిచి రంధ్రంలో పెట్టి పిన్ను దిగ్గొడితే పట్టుకుంటుంది. మరీ వదులైతే లావు పిన్ను వేయించాలి. తొమ్మిదో ఏడు పై పలక మధ్యలో కుంగింది. తొంభై తీగల బరువు రాత్రింబవళ్లు మోస్తుంది కదా. రెండు బ్రిడ్జీల దగ్గర తీగ జరజరమనేది. ఇక్కడ ఒక గిటార్ రిపేరు దుకాణంలో ఇస్తే, అబ్బాయి పలక సంగతి చూడటానికి తీగలన్నీ ఒకేసారి విప్పేశాడు. బ్రిడ్జీలను జిగురుతో అంటించరు, తీగల ఒత్తిడి మీదే నిలబడతాయి. 31 బ్రిడ్జీలు కవర్లో వేసి ఇచ్చాడు, ఏది ఎక్కడిదో గుర్తు లేకుండా. సరిగ్గా పెట్టుకోవడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. మీరు కొంటే మొదటి రోజే పై నుంచి ఫొటో తీసి పెట్టుకోండి, ప్రతి బ్రిడ్జి కింద పెన్సిలుతో అంకె వేయండి. తీగలు మార్చేటప్పుడు ఒక బ్రిడ్జి తర్వాత ఒకటి మార్చండి.

విమానంలో ఇదొక టెన్షన్. మన దేశంలో చాలా విమానాల్లో చేతి సామానుకు 7 కిలోల పరిమితి. మోసుకెళ్లే కేసుతో కలిపితే నాది పదకొండు. లగేజీలో వేస్తే ఎలా వస్తుందో దేవుడికే ఎరుక. విజయవాడ, తిరుపతి, బెంగళూరు అయితే రైలే. కింది బెర్తు దొరక్కపోతే దాన్ని పై బెర్తులో పడుకోబెట్టి, నేను ఓ అంచున ఒదిగి వచ్చిన రాత్రులున్నాయి.

డబ్బు గురించి దాచకుండా చెబుతాను. నా ఆదాయంలో పాతిక శాతం మాత్రమే వాయించినందుకు వస్తుంది, మిగతా అంతా నేర్పినందుకు. పెళ్లి రిసెప్షన్‌కి తబలా ఆయనతో కలిపి 20 నుంచి 25 వేలు అడుగుతాను. అది మంచి ముహూర్తాల నెలల్లో. ఆషాఢం, పుష్యం, మూఢం వస్తే ఫోను మోగదు. కొత్తగా ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు పంచాంగం దగ్గర పెట్టుకుని బడ్జెట్ వేసుకోవాలి, ఇది హాస్యానికి అనడం లేదు. సభల్లో ఇచ్చే పారితోషికం తబలాకు, ఆటోకు సరిపోతుంది. మా బీరువాలో సన్మానం శాలువాలు 23 ఉన్నాయి. సినిమా రికార్డింగులు మొదట్లో ఏడాదికి నాలుగైదు వచ్చేవి. కీబోర్డులో సంతూర్ శాంపిల్, అంటే ముందే రికార్డు చేసి పెట్టిన సంతూర్ స్వరాలు, వచ్చాక అవి ఆగిపోయాయి. ఒకసారి స్టూడియోకు పిలిచి, ఒక్కో స్వరం విడివిడిగా కొట్టించి రికార్డు చేసుకున్నారు. ఎందుకో నాకు ఆరు నెలల తర్వాత అర్థమైంది.

నేర్పడంలో నా విద్యార్థులు ప్రస్తుతం పందొమ్మిది మంది. పదకొండు మంది ఇంటికి వస్తారు, ఎనిమిది మంది అమెరికాలో తెలుగువాళ్ల పిల్లలు. 2020 లాక్‌డౌన్‌లో మొదలైన క్లాసులవి. మొదటి వారం స్క్రీన్ మీద నేను కొట్టింది టకటక మాత్రమే వినిపించింది, నాదం లేదు. జూమ్ అనవసరపు శబ్దం తీసేసే పనిలో సంతూర్ మోతను కూడా తీసేస్తోంది. ఆ సెట్టింగు మార్చి ఒరిజినల్ సౌండ్ పెట్టాక గానీ సంతూర్‌లా వినిపించలేదు. కలిసి వాయించడం మాత్రం కుదరదు, శబ్దం ఆలస్యంగా చేరుతుంది. నేను వాయించి ఆగాలి, వాళ్లు వాయించాలి. డాలస్‌లో శుక్రవారం రాత్రి ఏడున్నర అంటే నాకు శనివారం ఉదయం ఆరు. నవంబరులో వాళ్లు గడియారం మార్చుకుంటే ఏడు. ప్రతి నవంబరులోనూ ఒక క్లాసుకు ఎవరో ఒకరు తప్పుతారు, రెండుసార్లు అది నేనే.

పాఠాల్లో నేను చేసిన పెద్ద తప్పు, మొదటి ఐదేళ్లు పిల్లల సంతూర్లు నేనే శ్రుతి చేసి పెట్టడం. గంట క్లాసులో అరగంట దానికే పోయేది. తల్లిదండ్రులు గడియారం చూసేవాళ్లు. అంతకన్నా ఘోరం, ఇంటికెళ్లాక వాళ్ల పెట్టె జారిపోతే ఇక మళ్లీ వారం దాకా అపశ్రుతిలోనే సాధన. చెవి పాడైపోయేది. ఇప్పుడు మొదటి రెండు నెలలు కలం చేతికి ఇవ్వను. తంబూరా యాప్ పెట్టి, షడ్జం మూడు తీగలు ఒక్కటి చేయమంటాను. అవి కలిసే క్షణంలో వణుకు ఆగిపోతుంది, పిల్లల ముఖం మారుతుంది. "ఆంటీ, ఆగిపోయింది!" అని అరిచిన ఎనిమిదేళ్ల పాప ఇప్పుడు నా దగ్గర ఆరో ఏడు. రెండు నెలలు పాట నేర్పలేదని మానేసినవాళ్లూ ఉన్నారు, దాదాపు సగం. ఫీజు నష్టమే. కానీ నిలిచినవాళ్లు నిలిచారు.

సంతూర్‌కి మోతను ఆపే డ్యాంపర్ ఎందుకు లేదని ఒక కుర్రాడు అడిగాడు. వేగంగా వాయిస్తే స్వరాలన్నీ కలగాపులగమవుతున్నాయని వాడి బాధ. హంగరీలో దీని చుట్టమే సింబలోమ్ ఉంది, 1874లో బుడాపెస్ట్‌లో షుండా అనే ఆయన దానికి కాలితో తొక్కే డ్యాంపర్ పెట్టాడని చెప్పాను. మనకు అరచేయే డ్యాంపర్. వాడు మరుసటి వారం సింబలోమ్ ధర కనుక్కుని వచ్చాడు. సంతూర్ ధర చాలా న్యాయంగా ఉందని ఒప్పుకున్నాడు.

కొత్తవాళ్లు ఆన్‌లైన్లో చవగ్గా దొరికేవి కొనకండి. నా దగ్గరికి అలాంటివి ఐదు వచ్చాయి, నాలుగింటికి పిన్నులు నిలవలేదు. దుకాణానికి వెళ్లి, పూర్తిగా శ్రుతి చేయించి, "రేపు వస్తాను" అని చెప్పి వచ్చేయండి. మరునాడు వెళ్లి కొట్టి చూడండి. కొత్త తీగలు కొంత జారడం మామూలే, అన్నీ సమానంగా జారితే ఫర్వాలేదు. రెండు మూడు చోట్ల మాత్రమే బాగా పడిపోతే ఆ పిన్నులు వదులు, వదిలేయండి. పలక మధ్యలో స్కేలు నిలబెట్టి కింద సందు ఉందేమో చూడండి. చెక్క ఏదని అడిగితే అందరూ వాల్‌నట్ అనే అంటారు.

నాది ఇప్పుడు మళ్లీ కుంగుతోంది. శ్రావణం ముహూర్తాలు అయ్యాక కశ్మీర్‌లో చేసేవాళ్ల దగ్గరికి పంపి కొత్త పలక వేయించాలని ఉంది, రెండు నెలలు పడుతుందన్నారు. ఈలోగా వాయించడానికి రెండోది కొంటున్నాను, ఈసారి చిట్టీ నేనే పాడాను. వచ్చే గురువారం ఒక నిశ్చితార్థం ఉంది, ఏసీ ఉందట. జనరేటర్ మీద కూడా నడుస్తుందా అని ఇప్పుడే ఫోన్ చేసి అడగాలి.