బండి అరుస్తది, కదలదు: బెల్టా, రోలర్లా, క్లచ్ షూలా?

రేజ్ ఇస్తే ఇంజన్ గొంతు చించుకుంటది, బండి మాత్రం ఎడ్లబండి లెక్క పోతది. గేర్లు లేని స్కూటీ ఉన్న ఇంట్ల ఎప్పుడో ఒకనాడు ఈ లొల్లి మొదలైతది. షెడ్డుకు తీస్కపోతే మూడు మాటల్ల ఒకటి వినవడ్తది: "బెల్టు పోయింది సార్", "రోలర్లు అరిగినయ్", "క్లచ్ సెట్టే మార్చాలె". ఏది ముందు మార్పిస్తే మేలు?

నేను తప్పు దిక్కు నుంచి మొదలువెట్టిన. నా బండి అప్పటికి 31 వేల కిలోమీటర్లు తిరిగింది. రోజూ కాజీపేట నుంచి హన్మకొండ పోయి రావాలె. ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కేటప్పుడు, ఎనక మా ఆవిడ కూసుంటే, ఇంజన్ మోత ఒక్కసారి పెరిగి స్పీడు ముల్లు ఉన్నకాడనే ఆగేది. ఒక షెడ్డుల బండిని నడిపి కూడ చూడకుండ క్లచ్ సెట్టు, అంటే షూలు, మార్చిన్రు. పైసలు పోయినయి. తెల్లారి బ్రిడ్జి మీద మళ్ల అదే మోత.

ఇంకో మెకానిక్ దగ్గరికి పోతే, ఆయన స్పానర్ ముట్టకముందే ఒక్క ప్రశ్న అడిగిండు: "ఎప్పుడు అరుస్తుంది సార్, కదిలేటప్పుడా, కదిలినంకనా?" అసలు పరీక్ష అదే.

ఎందుకంటే ఇంజన్‌కూ చక్రానికీ నడుమ జారే తావులు రెండే. ఒకటి బెల్టు, రెండోది క్లచ్ షూలు. రోలర్లు జారవు, అవి అరిగితే గేరు పూర్తిగా ఎక్కనియ్యవు. బెల్టు రెండు పుల్లీల మీద తిరుగుతది: ముందరిది ఇంజన్ దిక్కు, ఎనకది చక్రం దిక్కు. ముందరి పుల్లీల ఆరు రోలర్లు ఉంటయి. ఇంజన్ వేగం పెరిగిన కొద్దీ అవి బయటి అంచుకు జరిగి పుల్లీ ప్లేటును నూకుతయి, బెల్టు పైకి ఎక్కుతది. ఎనక పుల్లీ తన స్ప్రింగును ఒత్తుకుంట విచ్చుకుంటది, బెల్టు లోపలికి దిగుతది. గేరు మారుడంటే ఇదే. ఎనక పుల్లీని పట్టుకుని ఉన్న షూలు రేజ్ ఇయ్యంగనే విచ్చుకుని చుట్టూ ఉన్న ఇనుప గిన్నెను పట్టుకుంటయి, అప్పుడు చక్రం తిరుగుతది.

ఇగ లెక్క సులువు. సిగ్నల్ దగ్గర ఆగి కదిలేటప్పుడే ఇంజన్ అరిచి, బండి ఒక వణుకు వణికి లేటుగ లేస్తే అనుమానం షూల మీదికి పోవాలె. ఒక్కసారి కదిలినంక బాగనే పోతే అది ఇంకా ఖాయం. షూల మీద గిన్నెను పట్టుకునే పొర, అదే లైనింగు, మిగిలి ఉండి పైన అద్దం లెక్క మెరుస్తుంటే, శాండ్ పేపర్‌తోని రుద్ది చూసినంకనే కొత్తవి కొనాలె. గిన్నె లోపల నీలం రంగు మచ్చలుంటే బాగ వేడెక్కినట్టు.

కదిలేటప్పుడు మంచిగనే ఉండి, ఎత్తు మీదనో బరువు మీదనో మోత ఎగిరి స్పీడు పెరగకపోతే బెల్టును పట్టుకోవాలె. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తా పెట్టుకుని పోయేటోళ్లకు ఇది తొందరగ తెలుస్తది. బెల్టు అరిగితే సన్నగైతది. పగుళ్లు లేకున్నా వెడల్పు తగ్గితే పని అయిపోయినట్టే, అందుకే కంటితోని కాదు, వెర్నియర్ (సన్న కొలతలు చూసే స్కేలు) తోని కొలిచి మాన్యువల్‌ల ఉన్న కొలతతోని పోల్చాలె. వానలల్ల నీళ్లు లోపలికి పోయినా బెల్టు జారుతది. 2023 జులైల హంటర్ రోడ్డు దిక్కు బండ్లు నీటిల మునిగినప్పుడు, కవర్ ఇప్పి తుడిచి ఆరబెడితె సరిపోయే బండ్లకు సుత బెల్టులు మారి ఉంటయని నా అనుమానం.

మోత నిదానంగ పెరిగి, ఇదివరకు పోయిన స్పీడు ఇప్పుడు రాకపోతే, మెల్లగ పోయేటప్పుడు గలగల శబ్దం సుత ఉంటే రోలర్లు. నా బండిల తీసినవి చూస్తే నవ్వొచ్చింది. గుండ్రంగ ఉండాల్సినవి ఒక పక్క చెక్కేసిన సుద్దముక్కల లెక్క ఉన్నయి. ఆ మెకానిక్ చేసిన పని నాకు బాగ నచ్చింది: ముందరి పుల్లీ ముఖం మీద మార్కర్‌తోని నడిమధ్య నుంచి అంచు దాక గీత గీసిండు, కవర్ బిగించి ములుగు రోడ్డు మీద ఫుల్ స్పీడుల ఒక చక్కర్ కొట్టి రమ్మన్నడు. వచ్చినంక ఇప్పితే, బెల్టు రుద్దినకాడి దాకనే గీత చెరిగింది; పైన ఒక వేలెడు గీత అట్లనే మిగిలింది. అంటే బెల్టు అంచు దాక ఎక్కుతలేదు. ఇంత చౌకగ ఇంత ఖచ్చితంగ చెప్పే పరీక్ష ఇంకోటి నేను చూడలె.

గుల్‌మార్గ్‌ల టూరిస్టులు ఎక్కే స్నోమొబైల్‌కు సుత ఇట్లాంటి రెండు పుల్లీలు, నడుమ బెల్టే. కాకపోతే దానికి ఎనక షూలు ఉండయి; ఖాళీగ నడిచేటప్పుడు ముందరి పుల్లీ విచ్చుకుని బెల్టును వదులుగ ఉంచుతది. పల్చని గాలిల ఇంజన్ బలం తగ్గుతది కాబట్టి ఎత్తు మీద, మన రోలర్ల పని చేసే బరువులు తేలికవి వేస్తరు. అదే బండిని కిందికి తెస్తే ఇంజన్ అవసరానికి మించి తిరుగుతది. మన పోరగాళ్లు పికప్ కోసమని తేలిక రోలర్లు వేపించుకుని, తర్వాత మోత ఎక్కువైందని షెడ్డు చుట్టు తిరిగేది ఇందుకే. అది రోగం కాదు, కొనుక్కున్నది.

నా తీర్పు ఇది. బెల్టూ రోలర్లూ ఒక్కసారే మార్చుకునుడు మేలు. కవర్ ఇప్పిన కూలి ఒక్కటే, నాకు రెండూ కలిపి వెయ్యి దాటలె. ఆరు రోలర్లూ ఒకే బరువువి ఉండాలె, ప్లేటుకున్న ప్లాస్టిక్ గైడ్ ముక్కలు సుత మార్పియ్యాలె. బెల్టు కాడ పైసలు చూసుకోవద్దు, కంపెనీదే తీసుకోవాలె. కొలతల కొంచెం తేడా ఉన్నా పాత మోతనే మళ్ల మొదలైతది. బెల్టు మీద బాణం గుర్తు ఉంటే తిరిగే దిక్కుకే ఉండాలె. గ్రీజు చేతుల్తోని పట్టనియ్యొద్దు. క్లచ్ సెట్టు మాత్రం లైనింగు కండ్లార చూసినంకనే. లోపల నూనె తడి కనిపిస్తే ఇవేవీ కాదు, నూనెను ఆపే సీలు కారుతుంది. అది మార్చకుండ కొత్త బెల్టు వేస్తే మళ్ల జారుతది.

ఇప్పుడు బ్రిడ్జి ఎక్కుతుంటే బండి గునుగుకుంట పోతుంది, మా ఆవిడ ఫోన్ మాట్లాడుకుంట కూసుంటది. మొదటి షెడ్డుల తీసేసిన పాత షూలను నేను అడిగి తెచ్చుకున్న. సగం కంటె ఎక్కువ లైనింగు ఉంది. అటక మీద కవర్‌ల పెట్టిన, ఇప్పుడున్నయి అరిగినప్పుడు అవే వేపిస్త.