కొత్త వంతెన వచ్చాక పాతదాన్ని కూల్చాలా, ఉంచాలా?

నది మీద కొత్త వంతెన పడిన ప్రతి ఊళ్లోనూ ఈ వాదన నడుస్తుంది. ఒడిశాలోని రాయగడలో, గుణుపురంలో, పర్లాకిమిడిలో మన తెలుగువాళ్లు టీకొట్ల దగ్గర దీని గురించి మాట్లాడుకుంటే కొందరు కూల్చేయమంటారు, కొందరు తాతల నాటిది ముట్టుకోవద్దంటారు. రెండు పక్షాలూ పైకి కనిపించే రాయినే చూస్తున్నాయి. అసలు తేల్చాల్సింది నీళ్ల కింద ఉంది.

పాత రాతి వంతెనకు కమానులు చిన్నవి, స్తంభాలు లావు. రాయగడ దగ్గర పారే నాగావళి నది కొండల్లోంచి వస్తుంది, గంటల్లో పెరుగుతుంది. వేళ్లతో సహా కొట్టుకొచ్చిన చెట్లు కమానుకు అడ్డం పడితే ఎగువన నీటిమట్టం లేస్తుంది. సుడి తిరిగే నీరు స్తంభాల మొదట్లో ఇసుకను తోడేస్తుంది. అప్పటికీ పైన రాయి చెక్కుచెదరదు. 2017 జూలైలో తెరువలి, సింగపూర్ రోడ్డు మధ్య రైలు వంతెనను వరద ఎలా తీసుకుపోయిందో మన రాయగడ జిల్లాలో అందరికీ గుర్తే. అంతకుముందు ఏడాది, 2016 ఆగస్టు 2 రాత్రి, మహారాష్ట్రలో మహాడ్ దగ్గర సావిత్రి నది మీద బ్రిటిష్ కాలపు వంతెన కూలి రెండు బస్సులు కొట్టుకుపోయాయి. పక్కనే కొత్త వంతెన ఉంది. అయినా ఒకవైపు వాహనాలను పాతదాని మీదనుంచే పంపేవారు. కూలాక మాత్రం 165 రోజుల్లో ఇంకోటి కట్టేశారు. ఆ తొందర ముందే ఉంటే ఎంత బాగుండేది!

ఉంచాలనేవాళ్ల మాటలోనూ బలం ఉంది. హైదరాబాద్‌లో 1578 నాటి పురానాపూల్ వంతెన 1908 మూసీ వరదను తట్టుకుంది. ఇప్పుడు దాని మీద కూరగాయలు అమ్ముతున్నారు. అహ్మదాబాద్‌లో 1892 నాటి ఎల్లిస్ వంతెనకు అటూ ఇటూ కొత్తవి కట్టి, పాతదాన్ని మధ్యలో అలాగే ఉంచారు. అందం కంటే నాకు నడిచేవాళ్ల సౌకర్యం ముఖ్యం. కొత్త వంతెన మీద లారీలు రయ్యిమని పోతుంటే, తట్ట నెత్తిన పెట్టుకుని సంతకొచ్చే ఆడవాళ్లు గోడకు అతుక్కుని నడవాల్సి వస్తుంది. పాత వంతెన వాళ్లకు వదిలితే ఎంత మేలు!

అన్నిటికంటే చెడ్డది, ఏదీ తేల్చకుండా బోర్డు పెట్టి వదిలేయడం. రాళ్ల సందుల్లో రావి మొక్క మొలుస్తుంది, వేరు లావెక్కి సున్నం గచ్చును చీలుస్తుంది. వాననీరు పోయే తూములు మట్టితో పూడిపోతాయి. పుణె దగ్గర కుండ్‌మళాలో ఇనుప వంతెన ప్రమాదకరమని బోర్డు పెట్టారు. 2025 జూన్‌లో ఒక ఆదివారం జనం కిక్కిరిసి ఎక్కారు, అది కూలి నలుగురు చనిపోయారు.

అందుకే నా ఓటు ఉంచడానికే, అదీ షరతుల మీద. ముందు నీళ్లలోకి మనుషుల్ని దింపి పునాదులు చూడాలి. బైకు కూడా దూరకుండా రెండు చివర్లా ఇనుప స్తంభాలు పాతాలి. ఏటా వానలు వెనకపట్టగానే పరీక్ష చేయడానికి ఏ ఆఫీసుది బాధ్యతో, డబ్బు ఎక్కడిదో కాగితం మీద ఉండాలి. పునాది కింద ఖాళీ కనబడితే మాత్రం మొహమాటం వద్దు. ఎండాకాలంలో కూల్చేయాలి, స్తంభాలను నది అడుగు దాకా కోసేయాలి, శిథిలాలు వానల్లోపే ఎత్తేయాలి. సగం కూల్చి వదిలితే ఆ రాళ్లే కొత్త వంతెన స్తంభాల మీదికి నీటిని మళ్లిస్తాయి.