కంటి దురదకు ఓలోపాటడిన్ చుక్కలు: ఏ బలం కొనాలి, ఎక్కడ చాలవు

పుప్పొడి కాలంలో రెండు కళ్లూ ఒకేసారి దురదపెట్టి, నీరు కారి, రెప్పలు ఉబ్బేవాళ్లకు ఓలోపాటడిన్ నిజంగా పనికొచ్చే మందు. వేసిన కొన్ని నిమిషాల్లోనే దురద తగ్గుముఖం పడుతుంది. ఎరుపు మాత్రం అంత తొందరగా పోదు. కళ్లు వెంటనే తెల్లబడాలని కొంటే నిరాశే.

పుప్పొడి తగలగానే కంటి పొరలోని మాస్ట్ కణాలు (అలర్జీని రేపే కణాలు) హిస్టమిన్ అనే రసాయనాన్ని వదులుతాయి, దురదకు మూలం అదే. ఈ మందు హిస్టమిన్‌ను అడ్డుకోవడమే కాక, ఆ కణాలు పగలకుండా కూడా చూస్తుంది. అందుకే దురద మొదలయ్యాక వేసినా ఉపయోగం ఉంటుంది. ఏటా ఇదే బాధ ఉన్నవాళ్లు మాత్రం పుప్పొడి మొదలవగానే అందుకుని, ఆ కాలం అయ్యేదాకా రోజూ వేసుకోవడం మేలు.

మూడు బలాల్లో దొరుకుతుంది. 0.1 శాతానిది రోజుకు రెండుసార్లు, 6 నుంచి 8 గంటల ఎడంతో. 0.2, 0.7 శాతానివి రోజుకు ఒక్కసారే. ఎక్కువమందికి 0.2 చాలు, 0.1తో వచ్చే చిక్కల్లా రెండో మోతాదు మరిచిపోవడం. 0.2 వేసినా సాయంత్రానికి దురద తిరగబెడుతుంటే అప్పుడు 0.7 సంగతి ఆలోచించవచ్చు. కీటోటిఫెన్ అనే మరో చుక్కల మందు (0.025 శాతం) కూడా ఇదే పని చేస్తుంది, కాకపోతే 8 నుంచి 12 గంటలకోసారి వేయాలి.

మందు పనిచేయలేదనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం వేసే తీరే. తల వెనక్కి వాల్చి, కింది రెప్పను వేలితో లాగితే చిన్న సంచిలా తెరుచుకుంటుంది. సీసా కొన రెప్పకు తగలకుండా అందులో ఒక్క చుక్క వేయాలి. కంట్లో పట్టేదే ఇంచుమించు 30 మైక్రోలీటర్లు. ఒక్క చుక్క అంతకంటే ఎక్కువే ఉంటుంది. రెండో చుక్క చెంప మీదికే. వేశాక రెప్పలు టపటపలాడించకుండా కన్ను మూసి, ముక్కు పక్కన కంటి మూలను ఒకట్రెండు నిమిషాలు నొక్కి పట్టుకోవాలి. లేకుంటే మందు ముక్కులోంచి గొంతులోకి దిగి నోరు చేదెక్కుతుంది. ఆ చేదు చాలామందిని భయపెడుతుంది గానీ ప్రమాదమేమీ లేదు.

దీని అసలు లోపం చాలా సీసాల్లో కలిపే బెంజాల్కోనియం క్లోరైడ్ అనే నిల్వ పదార్థం. మెత్తటి కాంటాక్ట్ లెన్సులు దాన్ని పీల్చుకుంటాయి. లెన్సులు తీసి చుక్క వేసి, కనీసం 10 నిమిషాలు ఆగి పెట్టుకోవాలి. కన్ను ఎర్రగా ఉంటే ఆ రోజుకు లెన్సులే వద్దు. కళ్లు ముందే పొడిబారి ఉంటే అదే పదార్థం మంట పెంచుతుంది. వాళ్లు నిల్వ పదార్థం లేని చుక్కలు ఉన్నాయేమో అడగాలి. అలర్జీకి వేసుకునే మాత్రలు కూడా కళ్లను ఎండబెడతాయి, ఈ సంగతి చాలామందికి తట్టదు.

ఒక్క చుక్కల మీదే భారం వేస్తే లాభం లేదు. ఫ్రిజ్‌లో ఉంచిన కృత్రిమ కన్నీళ్లు పుప్పొడిని కడిగేస్తాయి. వాటిని ముందు వేసి, 5 నిమిషాలు ఆగి మందు వేయాలి. వరస తారుమారైతే మందే కొట్టుకుపోతుంది. మూసిన రెప్పల మీద చల్లటి తడిగుడ్డ పెడితే దురద దిగుతుంది. నలిపితే మాత్రం మాస్ట్ కణాలు ఇంకా పగిలి దురద రెట్టింపవుతుంది.

ఎరుపు తగ్గించే చుక్కలు ఓలోపాటడిన్‌కు బదులు కావు. అవి రక్తనాళాలను కుదించి కాసేపు తెల్లగా చూపిస్తాయి, రోజుల తరబడి వాడి మానేస్తే ఎరుపు మరింతగా తిరిగొస్తుంది. స్టెరాయిడ్ చుక్కలు ఇంతకంటే గట్టిగా పనిచేస్తాయి, కానీ కంటిలోపలి ఒత్తిడిని పెంచగలవు. డాక్టరు చూడకుండా వాటి జోలికి పోవద్దు.

ఒక్క కన్నే ఎర్రబడటం, నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం, చిక్కటి పుసి వంటివి కనిపిస్తే ఈ సీసా పక్కనపెట్టి అదే రోజు కంటి డాక్టరుకు చూపించాలి.