నీలం కన్సోల్ కేబుల్: పైన రంగు కాదు, లోపల చిప్ చూడండి

నల్గొండ, మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల్లో, కాలేజీల్లో నెట్‌వర్క్ స్విచ్‌లు, రూటర్లు పెట్టి చూసుకునే పని నాది. మేనేజ్‌డ్ స్విచ్ (సెట్టింగ్‌లు మార్చుకునే వీలున్న రకం) పాస్‌వర్డ్ మరిచిపోయినా, ఐపీ తప్పుగా పడినా ఇక నెట్‌వర్క్ మీదుగా లోపలికి పోలేం, నేరుగా కేబుల్ పెట్టి సెట్టింగ్‌లు మార్చే కన్సోల్ పోర్టే దిక్కు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకేమో తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు రావట్లేదు. అందుకే ఒక చివర యూఎస్‌బీ, ఇంకో చివర ఆర్‌జే45 (నెట్ కేబుల్‌కుండే క్లిప్పు ప్లగ్) ఉన్న కేబుల్ సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో తీసుకున్నా. తొమ్మిది వందలు. పక్క షాపులో అదే నీలం రంగుది మూడు వందలకే ఇస్తానన్నాడు.

తేడా అంతా లోపల యూఎస్‌బీని సీరియల్‌గా మార్చే చిప్‌లో ఉంది. నా పాత కేబుల్‌లో వేరే కంపెనీ పాత చిప్ ఉండేది. విండోస్ 11కి పెడితే డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు, పక్కనే ‘ఈ చిప్ 2012లోనే ఆగిపోయింది, అమ్మినవాళ్లను అడగండి’ అన్నట్టు ఇంగ్లిష్‌లో ఒక ముక్క. కాలేజీ ల్యాబ్‌లో ప్రిన్సిపాల్ గారు పక్కన నిలబడి చూస్తుంటే ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. ఈ కొత్త కేబుల్‌లో ఉన్నది ఎఫ్‌టీడీఐ అనే కంపెనీ చిప్. పెట్టగానే కామ్ పోర్టు (విండోస్ సీరియల్ పోర్టుకు పెట్టే పేరు) నంబర్ వచ్చేసింది. ఎఫ్‌టీడీఐ పేరుతో నకిలీలూ తిరుగుతుంటాయి. 2014లో ఆ కంపెనీ డ్రైవర్ సాఫ్ట్‌వేర్ విండోస్ అప్‌డేట్‌లో వచ్చి నకిలీ చిప్‌ల ఐడీని సున్నా చేసి, పనిచేయకుండా చేసేసింది. పెద్ద గోలయ్యాక వెనక్కి తీసుకున్నారు. కాబట్టి బిల్లు ఇచ్చే షాపులోనే కొనండి.

స్విచ్‌తో మాట్లాడే పుట్టీ అనే ప్రోగ్రామ్‌లో సీరియల్ ఎంచుకుని స్పీడ్ 9600 ఉంచండి. ఫ్లో కంట్రోల్ అనే సెట్టింగ్ మాత్రం ‘నన్’ (None)కి మార్చాలి, అందులో మామూలుగా ఎక్సాన్/ఎక్సాఫ్ ఉంటుంది. స్క్రీన్ నల్లగానే ఉంటే ఎంటర్ కొట్టండి. పిచ్చి అక్షరాలు వస్తే స్పీడ్ కలవనట్టే. మైక్రోటిక్ కంపెనీ రూటర్‌కైతే 115200 పెట్టాలి. సిస్కో కంపెనీ రూటర్‌లో మరిచిపోయిన పాస్‌వర్డ్ తీసేయాలంటే ఆన్ చేసిన 60 సెకన్లలోపు బ్రేక్ (రూటర్ మొదలవడాన్ని మధ్యలో ఆపే సిగ్నల్) పంపాలి. పాత కేబుల్‌తో అది ఎంత కొట్టినా పోయేది కాదు, దీంతో పోయింది. ల్యాప్‌టాప్‌కు బ్రేక్ కీ లేకపోతే పుట్టీ మెనూలో స్పెషల్ కమాండ్ కింద ఉంటుంది.

పొడవు ఆరడుగులే. మిల్లుల్లో ఊక దుమ్ముకు భయపడి ర్యాక్‌ను గోడ మీద ఎత్తున బిగిస్తారు. స్టూలెక్కి, ఒక చేత్తో ల్యాప్‌టాప్ పట్టుకుని, ఇంకో చేత్తో టైప్ చేయాలి. కింద నుంచి గుమాస్తా "ఏంది తమ్మీ, ఫోన్‌కు ఛార్జింగ్ పెడుతున్నవా?" అంటాడు. ఆర్‌జే45 క్లిప్పు కూడా నాసిరకం, విరిగిపోయింది. ఇప్పుడు కేబుల్ తగిలితే ఊడి వస్తుంది. తొమ్మిది వందలు తీసుకుని క్లిప్పు మీద రబ్బరు తొడుగు కూడా ఇవ్వకపోవడం నాకు నచ్చలేదు.

కొన్ని కొత్త స్విచ్‌లకు కన్సోల్ టైప్-సీలోనే వస్తోంది, వాటి కోసం మామూలు డేటా కేబుల్ ఒకటి బ్యాగులో పడేసుకోండి. ఛార్జింగ్‌కే పనికొచ్చే రకం అయితే ల్యాప్‌టాప్‌లో కామ్ పోర్టు కనబడదు.