కోబోకలెక్ట్ నాలుగు సీజన్లు వాడాక: ఆ నాలుగో కాలమ్ గురించి

కోబోకలెక్ట్ అంటే ఫోన్‌లో ఫారాలు నింపి వివరాలు నమోదు చేసుకునే యాప్. అందులో ఫారం ఎలా తయారు చేసుకోవాలి, ఫోన్‌లోకి ఎలా దించుకోవాలి అన్నవి ఈపాటికి అందరికీ తెలిసినవే. వాటి జోలికి పోను. నెల్లూరు జిల్లాలో మైపాడుకూ కోడూరుకూ మధ్య తీరంలో జనవరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రిపూట నడిచి, ఆలివ్ రిడ్లే సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టిన చోట్లను నమోదు చేసే చిన్న బృందం మాది. నాలుగు సీజన్లుగా ఆ నమోదంతా కోబోకలెక్ట్‌లోనే చేస్తున్నాం. నేను చెప్పదలచుకున్నది మాత్రం లొకేషన్ తీసుకునేటప్పుడు తెర మీద మీటర్లలో కనిపించే 'ఆక్యురసీ' అనే ఒకే ఒక్క అంకె గురించి. ఫోన్ చూపించే చోటు అసలు చోటుకు ఎంత అటూ ఇటూ ఉండొచ్చో చెప్పే అంకె అది, ఎంత తక్కువుంటే అంత మంచిది. మొదటి రెండేళ్ళు దాని వైపు సరిగ్గా చూడలేదు. ఇప్పుడు బీచ్‌లో ఫోన్ తీయగానే నా కళ్ళు పోయేది దాని మీదికే.

అంతకుముందు నోట్‌బుక్కులు వాడేవాళ్ళం. ఉప్పుగాలికి కాగితం మెత్తబడి పెన్ను పడేది కాదు. తెల్లారి చూస్తే 1 ఏదో 7 ఏదో తెలిసేది కాదు. యాప్ వచ్చాక సిగ్నల్ లేకపోయినా ఫారం నిండుతుంది, తేదీ, టైము దానంతటదే పడతాయి, ప్రశ్నలన్నీ తెలుగులో పెట్టుకోవచ్చు. ఆ సంతోషంలో కనిపించిన వాళ్ళందరికీ 'నెట్ లేకపోయినా పర్లేదు, అన్నీ భద్రంగా ఉంటాయి' అని చెప్పేవాణ్ణి. ఆ మాట మీద తర్వాత కొంచెం వెనక్కి తగ్గాల్సి వచ్చింది, అది చివర్లో చెబుతాను.

మా దగ్గర దొరికే గుడ్లలో ఎక్కువ భాగం అటవీ శాఖ అనుమతితో హేచరీకి, అంటే గుడ్లను కాపలాలో పొదిగించే చోటుకు, తరలిస్తాం. పెట్టిన కొద్ది గంటల్లోనే తీయాలి. ఆలస్యమైతే లోపలి పిండం గుడ్డు గోడకు అతుక్కుంటుంది, తర్వాత కదిలిస్తే చచ్చిపోతుంది. అలలు అందని ఎత్తులో, హేచరీకి బాగా దూరంగా పెట్టినవాటిని మాత్రం అక్కడే వదిలేస్తాం. అలా వదిలేసిన చోట జెండా పాతం, కర్ర గుచ్చం. గుర్తు కనిపిస్తే కుక్కల కన్నా ముందు గుడ్లు ఏరుకునేవాళ్ళు వస్తారు. తల్లి తాబేలు పాకిన జాడను కూడా సరుగుడు కొమ్మతో చెరిపేస్తాం. అంటే ఆ రాత్రి తర్వాత ఆ గూడు ఎక్కడుందో చెప్పగలిగేది ఫోన్‌లో ఉన్న లొకేషన్ ఒక్కటే.

రెండో సీజన్‌లో, ఫిబ్రవరి రెండో వారం. పదిహేడో గూడు. తల్లి గుడ్లు పెట్టేసి, వెనక కాళ్ళతో ఇసుక కప్పి, ఒళ్ళంతా అటూ ఇటూ ఊపుతూ పొట్టతో ఇసుకను అదుముతోంది. అది పెడుతున్నప్పుడే ఎర్ర కాగితం చుట్టిన టార్చి వెలుగులో పక్కన కూర్చుని లెక్కపెట్టాం, నూటపన్నెండు గుడ్లు. అది కదిలి నీళ్ళ వైపు మళ్ళగానే ఫోన్ తీశాను. వేళ్ళ నిండా తడి ఇసుక, తెర మీద పెడితే పలకడం లేదు. లుంగీకి తుడుచుకుని లొకేషన్ బటన్ నొక్కాను. అంకె డెబ్బైలలో మొదలై మెల్లగా దిగుతోంది. ఇంతలో అవతల ఇంకో జాడ కనిపించిందని కుర్రాళ్ళు కేక వేశారు. సేవ్ నొక్కి పరిగెత్తాను.

నలభై నాలుగో రోజు సాయంత్రం, పిల్లలు బయటికొచ్చేలోపు చుట్టూ వల కట్టి కాపలా కాయాలని వెళ్ళాం. ఈ తీరంలో పిల్లలు పైకి రావడానికి దాదాపు నలభై అయిదు రోజులు మొదలు రెండు నెలల లోపు పడుతుంది. ఫోన్ చూపించిన చోటుకు చేరుకున్నాం. అక్కడ ఇసుక గట్టిగా ఉంది. పక్కన చూశాం, ఇంకో పక్క చూశాం. రెండు సాయంత్రాలు మోకాళ్ళ మీద పాకుతూ, సన్నటి కర్రతో మెత్తటి చోటు కోసం వెతికాం. గట్టిగా పొడిస్తే గుడ్లు పగులుతాయేమోనని ఒకటే టెన్షన్. గాలికి ఇసుక తిన్నె ఆకారమే మారిపోయి ఉంది. దొరకలేదు.

గుడ్లు పెట్టిన ఆ రాత్రి మాతో ఉన్న చేపల వేటగాళ్ళ పెద్దాయన అప్పటికి కూతురి ఊరికి వెళ్ళి ఉన్నాడు. నలభై తొమ్మిదో రోజు వచ్చాడు. నా చేతిలో ఫోన్ చూసి, "ఏంది అబ్బయా, దాంట్లో చూసి ఎతుకుతుండావా? ఆ పొద్దు మనం కూసున్నప్పుడు గుడి శిఖరం ఒంటి తాడిచెట్టు ఎనక దాక్కోనుండె గదా" అన్నాడు. సముద్రంలో వల వేసే చోటు గుర్తుపెట్టుకోవడానికి వాళ్ళు వాడే పద్ధతే అది. ఒడ్డున రెండు గుర్తులు ఒకే వరసలోకి వచ్చేదాకా పడవ నడుపుతారు, ఇంకో పక్క మరో రెండు గుర్తులు చూసుకుంటారు, రెండు వరసలూ కలిసేదే ఆ చోటు. శిఖరం తాడిచెట్టు వెనక్కి పోయేదాకా పక్కకు నడిచాడు. రెండో వరసకు రొయ్యల గుంటల పంపుషెడ్డును, దాని వెనకున్న కరెంటు స్తంభాన్ని చూసుకుంటూ నాలుగడుగులు ముందుకేసి ఆగాడు. మేము వెతికిన చోటుకు పాతిక మీటర్ల పైనే దూరం.

అక్కడ చిన్న గుంట పడి ఉంది. పిల్లలు అప్పటికే వచ్చేశాయి. లోపల ఎండిపోయిన తోలు ముక్కల్లా గుడ్డు పెంకులు. జాడలు సముద్రం వైపు కాకుండా రొయ్యల గుంటల దీపాల వైపు మళ్ళి ఉన్నాయి. గట్టు కింద ఏడు పిల్లలు ఎండిపోయి దొరికాయి. ఒక్కోటి అరచేతిలో పట్టేంత. మిగతావి ఏమయ్యాయో తెలియదు.

ఇంటికొచ్చి కంప్యూటర్‌లో ఆ సీజన్ పట్టిక తెరిచాను. ప్రతి లొకేషన్‌కూ నాలుగు కాలమ్‌లు: అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, ప్రెసిషన్. తెర మీద ఆక్యురసీగా కనిపించే అంకే ఈ నాలుగోది. మొదటి రెండే మ్యాపులో వేసుకుంటూ వచ్చాం. పదిహేడో గూడుకు ఎదురుగా నాలుగో గడిలో 38 అని ఉంది. అంటే ఆ రాత్రే 'నాకు ఇంతవరకే తెలుసు' అని యాప్ చెప్పింది. వినకుండా సేవ్ నొక్కింది నేను.

ఆ తర్వాతే దీని గురించి శ్రద్ధగా తెలుసుకున్నాను. నెట్ ఉన్నచోట ఫోన్ ఉపగ్రహాలు ఎక్కడున్నాయన్న వివరాలు నెట్ నుంచి టక్కున తెచ్చుకుంటుంది. సిగ్నల్ లేని తీరంలో ఆ వివరాలు ఆకాశం నుంచే నిదానంగా అందుకోవాలి. అందుకే జేబులోంచి తీసిన మొదటి నిమిషంలో వచ్చే అంకెను నమ్మకూడదు. యాప్ మామూలుగా 5 మీటర్లకు చేరితే తనంతట తానే తీసుకుంటుంది. అంతకుముందే మనం సేవ్ నొక్కితే ఉన్నదాన్ని తీసుకుంటుంది. ఇంకో సంగతి, ఆండ్రాయిడ్‌లో ఆ 5 అంటే 'తప్పకుండా 5 లోపే' అని కాదు. ఫోన్ చూపించిన చోటు చుట్టూ 5 మీటర్ల దూరంలో గుండ్రంగా గీత గీస్తే, అసలు చోటు ఆ గీత లోపల ఉండే అవకాశం 68 శాతం అని. మూడింట ఒకసారి బయట ఉండొచ్చు. నలభై, యాభై సెంటీమీటర్ల లోతులో, కుండంత వెడల్పు గూడును దాంతో వెతుకుతున్నాం.

మూడో సీజన్‌కు ఫారంలో షరతు పెట్టాం. నాలుగో అంకె 8 కన్నా ఎక్కువుంటే ముందుకు పోనివ్వదు. ఇంత చిన్న షరతు ఇంత పని చేస్తుందని అనుకోలేదు. ఆ ఏడాది అక్కడే వదిలేసిన గూళ్ళన్నీ తిరిగి దొరికాయి. అయితే మా బృందంలో ఒకమ్మాయి పాత ఫోన్‌లో ఆ అంకె 11 దగ్గరే ఆగిపోయేది. పాపం చీకట్లో అరగంట నిలబడింది. ఇప్పుడు 12 దాకా ఒప్పుకుంటూ, 8 దాటితే ఎర్రటి హెచ్చరిక వచ్చేలా మార్చాం. దాంతోపాటు 'రెండు వరసలు' అని కొత్త ప్రశ్న పెట్టాం. పెద్దాయన చెప్పే గుర్తులను ఆయన గొంతుతోనే రికార్డు చేస్తాం, తెల్లారాక ఫోటో కలుపుతాం. నిజం చెప్పాలంటే, దొరికిన గూళ్ళలో ఎన్ని జీపీఎస్ వల్ల, ఎన్ని ఆ వరసల వల్ల దొరికాయో నేను విడదీసి చెప్పలేను.

ఇక మొదట చెప్పిన 'అన్నీ భద్రం' మాట. పంపని ఫారాలు ఫోన్‌లోనే ఉంటాయి. జాగా చాలలేదని ఒక కుర్రాడు యాప్ తీసేసి మళ్ళీ వేసుకున్నాడు, ఆరు రాత్రుల నమోదు పోయింది. తప్పు అతనిది కాదు, తీసేస్తే పోతాయని మేము చెప్పి ఉండాలి. ఇప్పుడు పొద్దున ఊళ్ళోకి రాగానే 'పంపినవి' అన్న చోట అంకె చూపించాకే టీ.

గూడు ఫారాన్నీ పిల్లలు వచ్చినప్పటి ఫారాన్నీ కలిపే ఏర్పాటు ఉంది. కానీ కొత్త సమాచారం ఫోన్‌లోకి రావాలంటే నెట్ కావాలి కాబట్టి మేము గూడు నంబరుతో ఎక్సెల్‌లో చేత్తోనే కలుపుకుంటున్నాం. నెలకొకసారి సగం రోజు పడుతుంది. ఆ కష్టం పడతాం. ఇసుక వేడిగా ఉంటే ఆడపిల్లలు ఎక్కువ, చల్లగా ఉంటే మగవి ఎక్కువ పుడతాయి. ఏ చోట ఎన్ని రోజులకు పొదిగాయో కొన్నేళ్ళ లెక్క చేతిలో ఉంటేనే ఈ తీరం ఎటు పోతోందో తెలుస్తుంది. ఇంకొకటి, మ్యాపును ఎవరితోనూ పంచుకోకండి. గూళ్ళ లొకేషన్లు బయటికి పోతే మేము జాడలు చెరిపిన పనంతా వృథా.

మీకు కొనమని చెప్పడానికి ఇదేమీ కొనే వస్తువు కాదు. మా పరిస్థితి వేరు: అయిదారుగురం, సగం మందికి ఇంగ్లీష్ రాదు, ఎవరి ఫోన్ వాళ్ళది, చుట్టూ చెట్ల అడ్డు లేని ఆకాశం. నల్లమల లాంటి అడవిలో కొమ్మల కింద ఆ అంకె ఎలా ఉంటుందో నేను వాడి చూడలేదు. ఒక్కరే ఏడాదికి పది గూళ్ళు చూసుకునేవాళ్ళకు మంచి నోట్‌బుక్కే సరిపోవచ్చు. మేము మాత్రం అయిదో సీజన్‌కూ దీన్నే వాడతాం. ఆలోగా పెద్దాయనను వెంటబెట్టుకుని, పగటిపూట తీరమంతా నడిచి, ఆయన వరసలన్నీ ఒక ఫారంలోకి ఎక్కించాలి. ఆ ఒంటి తాడిచెట్టును కొట్టేస్తారని ఊళ్ళో అనుకుంటున్నారు.