తిరుపతి కరకంబాడి రోడ్డులో కార్లు బాగుచేసే రేకుల షెడ్డు: పదకొండు వేల పని అన్నది రెండు వేలతో తీరింది

మాది 2012 మోడలు పెట్రోలు కారు. మూడు సిలిండర్ల చిన్న ఇంజను, 96 వేల కిలోమీటర్లు తిరిగింది. నేను పాకాల దగ్గర బడిలో పని చేస్తాను. తిరుపతి నుంచి చంద్రగిరి మీదుగా రోజూ పోయి రావాల. బండి మూలపడితే ఆ పొద్దు సెలవు పెట్టుకోవాల్సిందే.

మార్చిలో ఇంటి ముందర బండల మీద నల్లటి చుక్కలు కనిపించినాయి. ఏసీ నీళ్లేమో అనుకున్నాను. వేలితో తాకితే జిడ్డు. వారం తిరిగేలోపు ఇంజను ఆయిలు కొలిచే డిప్‌స్టిక్కు మీద ఆయిలు కింది గీత దగ్గరికి దిగిపోయింది. ఆ ఆదివారమే తిరుమల కొండకు పోతా ఉంటే, ఘాట్ రోడ్డు ఎక్కడం మొదలుపెట్టిన కాసేపటికే లోపలికి కాలిన వాసన. వెనక సీట్లో ఉన్న మా అమ్మ "ఏందో మాడతా ఉందే" అనింది.

మొదట వేరే గ్యారేజీకి పోయినాను. పేరు ఇక్కడ రాయను. బండిని పైకి లేపి, ఇంజనూ గేర్ బాక్సూ కలిసే చోట తడి చూసి, "క్రాంకు వెనక ఆయిల్ సీలు పోయింది మేడం, గేర్ బాక్సు దించాల, పదకొండు వేలవుతుంది" అన్నారు. సీలంటే ఇంజను వెనక ఆయిలు బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు. సీలే పోయిందని ఎట్ల తెలిసింది అని అడిగితే, "మీకు అర్థం కాదులెండి, సార్‌ను పంపించండి" అన్నారు. బండి నడిపేది నేను, ఆయిలు చూసుకునేది నేను, డబ్బులు కట్టేది నేను. తాళాలు తీసుకొని వచ్చేసినాను.

మా బడిలో సైన్సు సార్ చెప్తే ఈ షెడ్డుకు పోయినాను. ముందర వేపచెట్టు, లోపల రెండు బండ్లకు మించి పట్టవు. మెకానిక్ అన్నకు యాభై దాటి ఉంటాయి, సాయానికి ఇద్దరు పిల్లోళ్లు. బానెట్ తెరవకముందే ఆయన అడిగిన ప్రశ్నలు నాకు నచ్చినాయి. చుక్కలు ఎన్ని రోజుల నుంచి? ఎన్ని కిలోమీటర్లకు ఎంత తగ్గింది? వాసన నిలబడినప్పుడా, ఎక్కేటప్పుడా?

సీలు సంగతి చెప్తే తల అడ్డంగా ఊపినాడు. "ఆయిలు పైనుంచి కిందికి కారుతుందక్కా. బండి పోతా ఉంటే గాలికి వెనక్కి కొట్టుకుంటుంది. చుక్క రాలే చోటు చూసి సీలు అనేస్తే ఎట్ల? తడి యాడ మొదలైందో చూడాల."

ఆల్టర్నేటరుకూ కాయిల్స్‌కూ ప్లాస్టిక్ కవర్లు చుట్టి, ఇంజనంతా డీజిలుతో బ్రష్షు పెట్టి కడిగించినాడు. గుడ్డతో తుడిచి, గాలి కొట్టి ఆరబెట్టినాక చంటిబిడ్డలకు పూసే పౌడరు డబ్బా తెచ్చి, చల్లారిన ఇంజను మీద పల్చగా చల్లినాడు. తర్వాత నన్నే నడపమని పక్కన కూర్చున్నాడు. కరకంబాడి దాకా పోయి వెనక్కి వచ్చినాము.

బానెట్ ఎత్తి టార్చి వేసి, "మీరే చూడండక్కా" అన్నాడు. తెల్లటి పౌడరు మీద దారమంత సన్నటి నల్ల గీత. ఇంజను పైమూత, అదే ట్యాపెట్ కవరు, దాని వెనక మూలలో పుట్టి, హెడ్డు మీదుగా బ్లాకు మీదికి దిగి, సరిగ్గా గేర్ బాక్సు కలిసే చోటికి చేరింది. ఒక పాయ పక్కకు చీలి, వేడి పొగ బయటికి పోయే ఎగ్జాస్టు మానిఫోల్డు అంచును తాకింది. కొండ ఎక్కేటప్పుడు వాసన అందుకే. ఆ గీత తప్ప గేర్ బాక్సు చుట్టూ పౌడరు తెల్లగానే ఉంది. కింద వెనక సీలు దిక్కు నుంచి కొత్త తడి లేదు.

నాకు అంతటితో అయిపోయిందనిపించింది. ఆయనకు కాలేదు. ఇంజను ఆన్‌లో పెట్టి, ఆయిలు పోసే మూత తీసి, పల్చటి ప్లాస్టిక్ కవరు ముక్క ఆ నోటి మీద పరిచినాడు. లోపలికి పీల్చుకోవాల్సిన కవరు పూరీ మాదిరి పైకి ఉబ్బింది. ఇంజను లోపల పుట్టే పొగను పీసీవీ వాల్వు మళ్లీ గాలి పోయే దారికి పంపించాలంట. అది మడ్డితో మూసుకుపోతే ఆ ఒత్తిడి ఎక్కడ రబ్బరు బలహీనంగా ఉంటే అక్కడ ఆయిలును బయటికి తోస్తుంది. వాల్వు విప్పి నా చెవి దగ్గర ఊపినాడు, సద్దు లేదు. కొత్తది ఊపితే టకటకమనింది. "ఇది మార్చకుండా ట్యాపెట్ కవరు కింది రబ్బరు గాస్కెట్టు ఒక్కటే వేస్తే మళ్లీ నా దగ్గరికే వస్తారు" అన్నాడు. కొత్త వాల్వు వేసినాక కవరు పరీక్ష మళ్లీ చేసినాడు. ఈసారి కవరు లోపలికి అతుక్కుంది. అప్పటికీ ఉబ్బి ఉంటే పిస్టన్ రింగులను అనుమానించాల్సి వచ్చేదంట.

పాత గాస్కెట్టు తీసి వంచి చూడమని నా చేతికిచ్చినాడు. అప్పడం మాదిరి ఫట్‌మని విరిగింది. పన్నెండేళ్లకు పైగా వేడికి ఉడికిన రబ్బరు అది. ఒక ప్లగ్గు గుంతలో కూడా ఆయిలు చేరి ఉండాది. అంచులన్నీ పెట్రోలు గుడ్డతో తుడిచి, టైమింగ్ చైను కవరు హెడ్డును కలిసే రెండు మూలల్లో మాత్రం కందిపప్పు గింజంత అనబాండ్ (సందులు మూసే జిగురు) పెట్టినాడు. బోల్టులు మధ్య నుంచి బయటికి, రెండు విడతలుగా, బిగువు కొలిచే టార్కు రెంచితో బిగించినాడు. గట్టిగా బిగిస్తే లీకు ఆగుతుందనుకోవడం తప్పంట, గాస్కెట్టు నలిగి ఇంకా కారుతుంది. అనబాండ్ ఆరాలని రాత్రంతా బండి స్టార్ట్ చేయనివ్వలేదు.

బిల్లు: సీల్స్‌తో కలిపి గాస్కెట్టు 540, పీసీవీ 310, ఆయిలు డబ్బా 420, కూలి 800. మొత్తం 2,070 రూపాయలు. ఆయిలు మార్చాల్సిన గడువు ఇంకా ఉందని పూర్తిగా మార్చలేదు, తగ్గినంత పోసి మిగిలిన డబ్బా డిక్కీలో పెట్టినాడు. పాత సామాన్లు కవర్లో వేసి చేతికిచ్చినాడు.

ఇబ్బందులూ ఉండాయి. ఫోను ఎత్తరు. కూర్చునేదానికి ఒక్క స్టూలు. బండి రోడ్డు పక్కనే పెట్టాల. పదకొండుకు ఇస్తామన్నది ఒంటిగంటకు ఇచ్చినారు. బిల్లు చిన్న కాగితం మీద చేత్తో రాసిందే, కంపెనీకి చూపించాల్సిన వాళ్లకు పనికిరాదు.

ఆ వచ్చే ఆదివారం అమ్మను తీసుకొని మళ్లీ కొండకు పోయినాను. ఎక్కే దారి సుమారు 18 కిలోమీటర్లు, మలుపు మలుపుకూ వాసన కోసమే చూసుకున్నాను. రాలేదు. ఇంటికొచ్చి బండి కింద అట్టపెట్టె ముక్క పరిచినాను. ఆరు వారాలైంది, రోజూ పొద్దున తీసి చూస్తా ఉన్నాను, అట్ట పొడిగానే ఉంది.

వచ్చేటప్పుడు ఆయన చెప్పిన ఒక్క మాట అందరికీ చెప్పాల. డాష్‌బోర్డులో ఆయిలు ఎర్ర దీపం వెలిగితే ఇల్లు దగ్గరే కదా అని నడపొద్దు. ఆ దీపం చెప్పేది ఆయిలు ప్రెషరు పడిపోయిందని. అక్కడికక్కడే పక్కన ఆపి ఇంజను కట్టేయాల.

పోవాలనుకునేవాళ్లు పొద్దున తొమ్మిదిన్నరకల్లా, ఇంజను చల్లగా ఉన్నప్పుడు పోండి. ముందే వాటర్ వాష్ చేయించుకొని మాత్రం పోవద్దు, మరక ఎట్ల పాకిందో ముందుగా ఆయన తన కళ్లతో చూడాలంటాడు.